పాత బంగారు లేడీస్ వాచీ: కాటా ఎక్కించే ముందు మూత తీయాలి

బంగారం ధర పైకి పోయినప్పుడల్లా పాత బంగారం కొనే దుకాణాలకు, తాకట్టు వర్తకులకు వచ్చే సరుకులో గాజులు, గొలుసులతో పాటు ఆడవారి పాత చేతిగడియారాలు కూడా కొన్ని చేరుతుంటాయి. బొటనవేలి గోరంత డయలు, వెంట్రుకల్లాంటి ముళ్ళు, అల్లిక చైను. ముప్పై నలభై ఏళ్ళుగా పెట్టెలో పడి ఉన్న వస్తువు. తెచ్చినవారు "స్విట్జర్లాండుది, అసలు బంగారం" అంటారు. కొనేవారు కాటాపై పెట్టి, మిషనుకు ఇంత తరుగు అని కంటితో అంచనా కట్టి ధర చెబుతారు. ఈ పద్ధతిలో నష్టం రెండు విధాలుగా ఉన్నది. పూత వాచీని బంగారం కింద కొన్న వర్తకుడు ఆ సాయంత్రమే నష్టాన్ని తెలుసుకుంటాడు. కరిగించకూడని వాచీని మూసలో వేసిన వర్తకునికి మాత్రం తన నష్టం ఎన్నటికీ తెలియదు.

నగల విషయంలో ఇప్పుడు హాల్‌మార్కు ఆసరా ఉన్నది. వాచీకి అది లేదు. 2021 జూన్‌లో మన దేశంలో బంగారు నగలకు హాల్‌మార్కింగ్ నిర్బంధం చేసినప్పుడు గడియారాలను, ఫౌంటెన్ పెన్నులను, కుందన్, పోల్కీ, జడావ్ నగలను మినహాయించారు. కనుక పాత వాచీ మంచిచెడ్డలు దానిపై ఉన్న విదేశీ ముద్రలను బట్టి, లోపలి మిషనును బట్టి వర్తకుడే తేల్చుకోవలసి ఉంటుంది.

1980 నాటి కరిగింపు

పాత లేడీస్ వాచీలలో కలగాపులగం సరుకు ఎందుకు ఎక్కువో తెలియాలంటే బంగారం మార్కెట్టు చరిత్రే చూడాలి. 1980 జనవరి 21న లండన్‌లో ఔన్సు బంగారం ధర 850 డాలర్లు పలికింది. సరిగ్గా ఆ కాలంలోనే బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారాలు కీ ఇచ్చే వాచీలను మార్కెట్టు నుండి నెట్టివేస్తున్నవి. సీకో సంస్థ మొదటి క్వార్ట్జ్ చేతిగడియారాన్ని 1969 డిసెంబరులో విడుదల చేసింది; పదేళ్ళు తిరిగేసరికి కీ వాచీకి, అందులోనూ చిన్న సైజు లేడీస్ వాచీకి, గిరాకీ పడిపోయింది. ఒకవైపు బంగారానికి ఎన్నడూ లేని ధర, మరొకవైపు వాచీకి అడిగేవాడు లేడు. ఫలితం ఊహించదగినదే. ఐరోపాలోనూ, అమెరికాలోనూ బంగారు కేసులు విరివిగా కరిగిపోయాయి. లోపలి మిషన్లను ఊడదీసి డబ్బాలలో పోశారు.

ఆ మిషన్లు నశించలేదు. అవి అసలైనవి, వాటిపై కంపెనీ పేరు ఉన్నది, నంబరు ఉన్నది. తరువాతి కాలంలో వాటిలో కొన్ని కొత్త కేసులలో, పూత కేసులలో, మరొక వాచీ నుండి తీసిన కేసులలో తిరిగి మార్కెట్టుకు వచ్చాయి. కాబట్టి మిషను అసలైనదైనంత మాత్రాన వాచీ అసలైనది కాదు. కేసు, మిషను, డయలు ఈ మూడూ ఒకే కాలం మాట చెప్పాలి. ఒకటి 1950 అని, మరొకటి 1970 అని చెబితే ఆ సరుకును విడిభాగాల లెక్కన కొనవలసిందే గాని వాచీ లెక్కన కాదు.

మూత లోపలి ముద్రలు

వెనక మూతను వాచీ రిపేరు చేసేవాని చేతనే తీయించడం మేలు. చాకుతో పెకలిస్తే అంచు దెబ్బతిని, అసలు సరుకుకు కూడా ధర తగ్గుతుంది. మూత తీశాక మొదట చూడవలసినది మిషనును కాదు, మూత లోపలి వైపును. పది రెట్ల భూతద్దం చాలు.

స్విట్జర్లాండు ప్రభుత్వం 1880 చట్టం కింద బంగారు, వెండి వాచీ కేసులకు అధికార ముద్రలు నిర్ణయించింది. 18 క్యారట్ల బంగారానికి హెల్వీషియా అనే స్త్రీమూర్తి తల, పక్క నుండి చూసినట్లు ఉంటుంది. 14 క్యారట్లకు ఉడుత. 1995 ఆగస్టు 1 నుండి ఈ రెండింటినీ తీసివేసి, అన్ని విలువైన లోహాలకూ ఒకటే ముద్రగా సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క తలను పెట్టారు. ఈ ఒక్క తేదీ గుర్తున్నా చాలా మోసాలు పట్టుబడతాయి. 1960 నాటి వాచీ అని చెబుతూ మూతలో కుక్క తల ముద్ర కనిపిస్తే, ఆ కేసుకు లేదా ముద్రకు 1995 తరువాత ఏదో జరిగిందన్నమాట.

అధికార ముద్ర పక్కన కేసు తయారు చేసినవాని గుర్తు కూడా ఉంటుంది. జెనీవా కేసు తయారీదారులకు లోపల అంకె ఉన్న తాళంచెవి, న్యూషాటెల్ ప్రాంతం వారికి అంకె ఉన్న సుత్తి. ఇవి ఆవగింజంత ఉంటాయి. నిజమైన ముద్ర ఉక్కు అచ్చుతో కొట్టినది. అంచులు పదునుగా ఉంటాయి, లోహం నొక్కుకుపోయిన జాడ తెలుస్తుంది. అచ్చుపోసిన దొంగ కేసులో ముద్ర కూడా లోహంతో పాటే పోతలో వస్తుంది. అంచులు కరిగిన సబ్బులా గుండ్రంగా ఉంటాయి.

అయితే స్త్రీమూర్తి తల లేనంత మాత్రాన వాచీని తోసిపుచ్చరాదు. స్విస్ మిషన్లను విడిగా దిగుమతి చేసుకుని అమెరికాలో కేసులు తొడిగిన కాలం ఒకటి ఉన్నది. అటువంటి కేసుపై "14 కె" అన్న అక్షరాలు, అమెరికన్ కేసు కంపెనీ పేరు మాత్రమే ఉంటాయి. దానికి సాక్ష్యం మిషనుపైనే దొరుకుతుంది: అమెరికా దిగుమతికి ఉద్దేశించిన మిషనుపై మూడక్షరాల సంకేతం చెక్కేవారు. ఒమెగాకు ఓ.ఎక్స్.జి., రోలెక్స్‌కు ఆర్.ఓ.డబ్ల్యు. మిషనుపై ఈ సంకేతం, కేసుపై అమెరికన్ ముద్ర ఉంటే రెండూ కలిసినట్లే. బ్రిటన్‌కు పోయిన సరుకు కథ వేరు. అక్కడ 1907 జూన్ 1 నుండి దిగుమతి వాచీ కేసులను కూడా బ్రిటిష్ కార్యాలయాలలో పరీక్షించి ముద్ర వేయడం తప్పనిసరి చేశారు; అందులో ఏ సంవత్సరమో తెలిపే అక్షరం ఉంటుంది. బ్రిటిష్ లేడీస్ వాచీలు 9 క్యారట్లలో విస్తారంగా వచ్చాయి. ".375" అని కనిపిస్తే నూటికి ముప్పై ఏడున్నర పాళ్ళే బంగారం. రంగు చూసి 18 అనుకుని కొన్నవారు సగానికి సగం పోగొట్టుకుంటారు. ఫ్రాన్సులో దిగుమతి బంగారానికి గుడ్లగూబ ముద్ర 1893 నుండి ఉన్నది.

పూత సరుకు తన పేరు తానే చెప్పుకుంటుంది

చిత్రమేమంటే, పాతకాలపు మంచి కంపెనీలు పూత విషయంలో అబద్ధమాడలేదు. మూతపై రాసే ఉంచాయి. చదవకపోవడమే కొనేవారి తప్పు. "గోల్డ్ ఫిల్డ్", "రోల్డ్ గోల్డ్", "ఆర్.జి.పి.", ఫ్రెంచి భాషలో "ప్లాకే ఓర్", లేదా "20 మైక్రాన్స్" అని ఉంటే అది పూతే. "18 కె" పక్కన "జి.ఎఫ్." అన్న రెండక్షరాలు ఉన్నవా అని చూడకుండా బేరం కుదుర్చుకోరాదు. మూతపై "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే పై భాగం సాధారణంగా పూతే అనుకోవాలి. కొన్ని పాత కేసుల్లో "20 ఏళ్ళ గ్యారంటీ" అని కూడా ఉంటుంది; అది గడియారం నడకకు కాదు, పూత నిలవడానికి ఇచ్చిన హామీ. గట్టి బంగారానికి అటువంటి హామీ అవసరం లేదు గదా.

ఇరవై మైక్రాన్ల పూత అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. చిన్న లేడీస్ కేసు పై వైశాల్యం ఎనిమిది చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, అందులో ఉండే 18 క్యారట్ల బంగారం పావు గ్రాము. దానిని రాబట్టే ఖర్చు కూడా రాదు.

గీటురాయి, యంత్రం, నీళ్ళు

వాచీ కేసును గీటురాయిపై పై అంచున గీయడం మంచి పని కాదు. గీత పడితే సేకరించేవారు కొనరు. పైగా గీటు పూతనే చూపుతుంది. తప్పనిసరి అయితే చైను లేదా తోలుపట్టీ తగిలించే కొమ్ముల లోపలి వైపు, కంటికి కనబడని చోట గీయాలి.

ఈ మధ్య చాలా దుకాణాలలో ఎక్స్‌రే కిరణాలతో క్యారట్ చూపే యంత్రాలు వచ్చాయి. నగలకు అవి బాగానే పనిచేస్తాయి. కాని ఆ కిరణాలు బంగారంలో కొన్ని మైక్రాన్ల లోతు వరకే చూడగలవు. ఇరవై మైక్రాన్ల మందం పూత ఉన్న వాచీని యంత్రం నిండు బంగారంగా చూపే ప్రమాదం ఉన్నది. యంత్రం చీటీ చూపి అమ్మజూపే సరుకు విషయంలో ఈ సంగతి మరువరాదు. చైను గొళ్ళెం దగ్గర, మూత అంచున, కొమ్ముల మూలల వద్ద పూత అరిగి కింద తెల్లని లేదా రాగి రంగు కనిపిస్తుందేమో కంటితో చూడడం ఇప్పటికీ మంచి పరీక్షే.

అన్నింటికంటే నమ్మదగినది పాత నీళ్ళ పరీక్ష. మిషను, డయలు, గాజు తీసివేసిన ఖాళీ కేసును మొదట గాలిలో, తరువాత నీటిలో వేలాడదీసి తూచాలి. ఖాళీ కేసు 7.75 గ్రాములు ఉండి నీటిలో 7.25 తూగితే తేడా అర గ్రాము, భాగిస్తే 15.5 వస్తుంది. అది 18 క్యారట్లకు సరిపోయే సాంద్రత. అదే బరువు గల ఇత్తడి కేసుకు పూత వేసి ఉంటే తేడా 0.9 గ్రాముల దరిదాపుకు పోతుంది. భాగిస్తే ఎనిమిదిన్నర ప్రాంతం. 14 క్యారట్లకు 13కు కాస్త అటూ ఇటూ వస్తుంది. ఎక్కడా గీత పడదు, ఆమ్లం అంటదు.

బరువు లెక్కలో చైనును విడిగా చూడాలి. మొత్తం 20 గ్రాములు, మిషను, డయలు, గాజు కలిపి 4 గ్రాములు అనుకుంటే మిగిలేది 16. అంతా 18 క్యారట్లయితే మేలిమి 12 గ్రాములు. 14 అయితే 9.36. 9 అయితే 6 గ్రాములే. ఇక కేసు 6 గ్రాములు మాత్రమే 18 క్యారట్లై, మిగిలిన 10 గ్రాముల చైను తరువాత ఎవరో తగిలించిన పూత చైనైతే మేలిమి నాలుగున్నర గ్రాములకు దిగుతుంది. కేసుపై ముద్ర చూసి చైనును నమ్మడం ఈ వ్యాపారంలో సర్వసాధారణమైన పొరపాటు. చైనుకు తన ముద్ర తనకు ఉండాలి. సాధారణంగా గొళ్ళెం మీదనో, కేసుకు కలిసే చోటనో ఉంటుంది.

మిషను నంబరు ఏమి చెబుతుంది

అమ్మేవారు తరచుగా చెప్పే మాట ఒకటి ఉన్నది: "లోపల పదిహేడు కెంపులున్నాయి." నిజమే, "17 జ్యూయెల్స్" అని మిషనుపైనే రాసి ఉంటుంది. కాని అవి ఇరుసులు అరగకుండా పెట్టే కృత్రిమ కెంపులు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెర్నూయి 1902లో ప్రకటించిన పద్ధతిలో కొలిమిలో తయారయ్యేవి. రాళ్ళ లెక్కన వాటికి విలువ లేదు.

విలువైన సమాచారం నంబరులో ఉన్నది. ఒమెగా వాచీనే ఉదాహరణగా తీసుకుంటే, మిషనుపై ఏడు లేదా ఎనిమిది అంకెల సంఖ్య ఉంటుంది. సుమారుగా కోటి సంఖ్య 1944 ప్రాంతం, కోటి ఇరవై లక్షలు 1950, కోటి డెబ్బై లక్షలు 1959, రెండు కోట్లు 1963, రెండు కోట్ల యాభై లక్షలు 1967. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చు. ఇప్పుడు డయలు చూడాలి. దానిపై "లేడీమాటిక్" అని ఉన్నదనుకుందాం. అది ఒమెగా సంస్థ 1955లో విడుదల చేసిన ఆటోమేటిక్ లేడీస్ వాచీ. చెయ్యి కదిలికకు తిరిగే చిన్న బరువు పలక లోపల ఉండాలి, మిషనుపై 455 వంటి కాలిబర్ సంఖ్య ఉండాలి. నంబరు కోటి ఇరవై లక్షల దగ్గర ఉంటే అది అయిదేళ్ళ ముందటి మిషను. మూత తీస్తే కీ ఇచ్చే మామూలు మిషను కనబడితే డయలు వేరే వాచీది. అదే పేరును కంపెనీ 2010లో కొత్త వాచీలకు మళ్ళీ పెట్టింది. పేరు ఒకటే గాని సరుకు వేరు.

అమెరికన్ కంపెనీ బులోవా పని మరింత తేలిక చేసింది. 1950 నుండి ఒక అక్షరం, ఒక అంకెతో సంవత్సరం వేసింది. ఎల్ అంటే 1950 దశకం, ఎం అంటే 1960, ఎన్ అంటే 1970. "ఎల్ 6" అంటే 1956. కేసుపై ఎల్ 6, మిషనుపై ఎం 4 ఉంటే రెండూ ఒక ఇంట పుట్టినవి కావు. లాంజీన్స్ వాచీకైతే నంబరు పంపి అడిగితే సంస్థ తన పాత రిజిస్టర్ల నుండి వివరం ఇస్తుంది.

డయలుపై ఒక పేరు, మిషనుపై బ్యాలెన్సు చక్రం కింద ఎ.ఎస్., ఎఫ్.హెచ్.ఎఫ్., ఈటా వంటి మరో గుర్తు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. అనేక కంపెనీలు ఈ సంస్థల నుండి ముడి మిషన్లు కొని తమ పేరు వేసుకునేవి. అది ఆ పరిశ్రమ ఆచారం. అయితే 1950 దశకపు డయలు కింద బ్యాటరీ మిషను కనబడితే మాత్రం సందేహం అక్కరలేదు. పాడైన దానిని తీసివేసి ఎవరో చౌకది పెట్టారు.

రంగు వేసిన డయలు

మన దేశంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసినది డయలు విషయంలో. మాసిన డయలును గీకి, రంగు వేసి, పేరు తిరిగి ముద్రించే పనివారు ఉన్నారు. విదేశీ సేకర్తలు అటువంటి వాచీలకు "ముంబయి స్పెషల్" అని ఎగతాళి పేరు కూడా పెట్టారు. స్విస్ సరుకే కాదు, 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో గడియారాలు ప్రారంభించిన హెచ్.ఎం.టి. వాచీలకు కూడా ఈ రంగుల బెడద ఉన్నది. పాత వాచీ కొత్తదానికంటే తళతళలాడుతుంటే అనుమానించాలి. అక్షరాల మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉండడం, అడుగున ఉండవలసిన "స్విస్ మేడ్" లేకపోవడం లేదా వంకరగా ఉండడం, నిమిషాల గీతలు అతికించిన గుర్తులకు ఎదురుగా రాకపోవడం, డయలు అంచున చిన్న గంటు ఉండడం, ఇవన్నీ తిరిగి వేసిన రంగుకు జాడలు.

అంకెలు చీకటిలో మెరిసే వాచీలైతే మరొక సంగతి. "స్విస్ మేడ్" కు అటూ ఇటూ టి అక్షరం ఉంటే అది 1960 దశకం నుండి వాడిన ట్రిటియం. దాని శక్తి పన్నెండేళ్ళకు పైచిలుకు కాలంలో సగమవుతుంది కనుక ఇప్పుడు మెరవకపోవడమే సహజం. అంతకు ముందటిది రేడియం. అది సగమవడానికి 1600 ఏళ్ళు పడుతుంది. మెరుపు చచ్చినా కిరణాలు చావవు. అటువంటి డయలును గీకడం గాని, ముళ్ళపై పొడిని ఊదడం గాని చేయరాదు. పనివానికి ముందే చెప్పాలి.

రాళ్ళ వాచీలు

వజ్రాలు పొదిగిన విందు వాచీలు ఎక్కువగా ప్లాటినంలో, తెల్ల బంగారంలో వస్తాయి. అమెరికన్ సరుకులో "10% ఇరిడ్ ప్లాట్" అని ఉంటే తొంభై పాళ్ళు ప్లాటినం, పది పాళ్ళు ఇరిడియం. తెల్లగా ఉన్నదని వెండి కింద కట్టిన సందర్భాలు లేకపోలేదు. రాళ్ళలో కూడా కాలం తెలుస్తుంది: పాత వాచీలలోని చిన్న వజ్రాలు సాధారణంగా పదిహేడు ముఖాల సాదా కోతవి. అన్నీ యాభై ఏడు ముఖాల నేటి కోతలో, ఒకే తెలుపులో ఉంటే తరువాత పొదిగి ఉండవచ్చు. వాచీ కంపెనీ పొదిగినది కాక బయట పొదిగించినదైతే, రాళ్ళ విలువ రావచ్చునేమో గాని వాచీ విలువ తగ్గుతుంది.

ధర సంగతి

ఇంత పరీక్ష చేసినా, మామూలు పేరు గల చిన్న సైజు లేడీస్ వాచీకి బంగారం విలువకు మించి పెద్దగా రాకపోవచ్చు. ఆ మాట దాచడం వర్తకునికి మేలు కాదు. అయితే పేరున్న కంపెనీ, పోలిక కుదిరిన నంబర్లు, రంగు వేయని డయలు, సానపట్టని పదునైన కేసు అంచులు, కంపెనీ చైను, ఇవి కలిసినప్పుడు లెక్క మారుతుంది. జేగర్ లకూల్త్రు సంస్థ 1929లో చేసిన 101 కాలిబర్ మిషను సుమారు ఒక గ్రాము తూగుతుంది, పొడవు 14 మిల్లీమీటర్లు, వెడల్పు 5 మిల్లీమీటర్ల లోపు. రెండవ ఎలిజబెత్ రాణి 1953 పట్టాభిషేకం నాడు ఆ మిషను గల వాచీనే ధరించింది. అటువంటి వస్తువు అగ్గిపుల్లంత వెడల్పు గల నగలా ఉంటుంది. తెలియని చేతికి చిక్కితే కాటాపై దాని లెక్క రెండు నిమిషాలలో ముగిసిపోతుంది.

కొనేటప్పుడు అమ్మినవారి గుర్తింపు పత్రం, సంతకంతో రసీదు తీసుకుని, అందులో కేసు నంబరు, మిషను నంబరు రెండూ రాయించడం అవసరం. మూత లోపలి వైపు, మిషను, డయలు విడివిడిగా ఫొటో తీసి ఉంచితే తిరిగి అమ్మేటప్పుడు ఆ ఫొటోలనే కొనేవారు ముందుగా అడుగుతారు. ఇక అన్నీ చూశాక కేసును కరిగించడమే లాభమని తేలితే, మిషనును, డయలును, కీ బొడిపెను కలిపి ఒకే పొట్లంలో కట్టి నంబరు రాసి పెట్టాలి. మరెక్కడో కేసు ఉండి మిషను లేనివారు ఉంటారు. విడివిడిగా డబ్బాలో పోస్తే ఆ గిరాకీ కూడా పోతుంది.